పెండ్లిపీట మీద నడిచిన బస్సు

నా పెండ్లి ఆగిపోయేంత పని చేసింది జాతకాలు కాదు, మేనమామ అలకా కాదు. మక్తల్ గ్రంథాలయంలోని అట్ట ఊడిన ఒక మోటారు పుస్తకం. దాన్ని మూడుసార్లు చదివాను. మూడుసార్లు చదివినవాడికి బస్సు నడపడం రాకపోవచ్చు గాని, నడిచే బస్సును ఆపడం మాత్రం భేషుగ్గా వస్తుంది. వినండి.

అరవైల మొదట్లో, వైశాఖం ఎండలు. పదకొండింటికి దేవరకద్రలో ముహూర్తం. మా కిరాయి బస్సు మరికల్ దాటగానే రేడియేటర్ పొంగి ఆగింది. డ్రైవర్ హుసేన్ భాయ్ డబ్బా పట్టుకుని బావి వెతుక్కుంటూ పోయాడు. అందరూ దిగారు. చేతికి కంకణం, బుగ్గన దిష్టిచుక్కతో నేనూ దిగి చూద్దును కదా, బస్సు వక్క దవడన పెట్టుకున్న ముసలమ్మలా ఎడమ పక్కకు ఒరిగి ఉంది!

"బాపూ, బండి ఒరిగింది. గిట్లనే పోతే మలుపుకాడ పల్టీ కొడ్తది."

"పొద్దటిసంది గట్లనే వచ్చింది గదరా. పోయి నీడకు కూసో."

వినే చెవులా నావి? పుస్తకంలో ఉన్నట్టే ఖాళీ బండిని రెండు పక్కలా జానలతో కొలిచాను. ఎడమవైపు నాలుగు వేళ్లు తక్కువ. అంటే తప్పు బరువుది కాదు, కమానులది. బండిని మోసే ఇనుప పట్టీల కట్టలన్నమాట. పసుపు పంచెతోనే కిందికి దూరాను. ఎడమ కమాను నిక్షేపంలా ఉంది. కుడి కమానుకూ ఇరుసుకూ నడుమ మాత్రం తాళ్లతో బిగించిన తుమ్మమొద్దు!

"దొరికిండు దొంగ! గీ మొద్దు కుడిపక్కను లేపుతాంది. మామా, జాకీ తే!"

నా చదువు మీద లోకంలో నమ్మకమున్న ఒకే ఒక్కడు మా మేనమామ. జాకీతో లేపి, మొద్దును సుత్తితో కొట్టి పీకాం. అది రెండు చెక్కలైంది. జాకీ దించాం. బస్సు ఒక్క మూలుగు మూలిగి, కుడి టైరు మీద చతికిలబడింది.

మొద్దు చాటున విరిగి ఉన్న కమాను పట్టీ అప్పుడు కనిపించింది నాకు. ఒరిగిన పక్కనే రోగముంటుందని పుస్తకం చెప్పింది. రెండో పక్క ఎవరో ముందే వైద్యం చేసి ఉంటారని చెప్పలేదు.

అప్పుడే నీళ్లతో తిరిగొచ్చిన హుసేన్ భాయ్ డబ్బాను దభీమని కింద పెట్టాడు. "యా అల్లా! ఎవడు తీసిండు?"

ముప్పై వేళ్లు నా వైపు తిరిగాయి.

"దుల్హా సాబ్, విరిగిన కాలుకు కట్టు కట్టిన. నువ్వు కట్టు విప్పి నడువుమంటున్నవ్!"

"ఇంకో మొద్దు..."

"ఏడికెల్లి తేను? సుట్టూ రాతిగుండ్లే గద!"

బాపు సూర్యుణ్ణి చూశాడు. "గీ ముహూర్తం దాటితే మల్ల శ్రావణం దాంక లేదన్నడు పంతులు."

అప్పుడు హుసేన్ భాయ్ చూపు మా అవ్వ ఒళ్లో ఆగింది. అక్కడుంది మా తాతలనాటి టేకు పీట. మా ఇంటి పెండ్లికొడుకు ఎవడైనా దాని మీదనే కూర్చోవాలి.

"అవ్వా, జర గది ఇయ్యి."

"నా పానం తీస్కో, పీట ఇయ్య!"

"ఇయ్యవే అవ్వా," అన్నాడు బాపు. "పీట చూసుకుంట కూసుంటే పిల్ల పోతది!"

పీట ఇరికించగానే బస్సు జెండా కొయ్యలా నిలబడింది.

"చూసిన్రా, సక్కగయింది!" అన్నాను. మామ కూడా నా వంక చూడకుండా బస్సెక్కాడు.

ముహూర్తానికి అయిదు నిమిషాల ముందు చేరాం. పీటను పీకి, గ్రీజు తుడిచి, పసుపు రాశారు. దాని ఎడమ కాలొకటి నలిగిపోయింది. కూర్చున్నాను, ఎడమకు ఒరిగాను, అచ్చం బస్సులాగే.

పెండ్లికూతురు వాళ్ల అవ్వ గుసగుస పందిరంతా వినబడింది: "పిలగాడు ఒరిగిండేందే? ఒక కాలు పొట్టిదా?"

మంత్రాలు ఆగాయి. మామగారి ముఖం మాడింది. "జర లేసి నాలుగడుగులెయ్యి బిడ్డా."

లేచాను. భయానికి కాళ్లు తడబడి నిజంగానే కుంటుతూ నడిచాను! పందిరంతా గగ్గోలైంది. నా పెండ్లి నా కళ్లముందే పల్టీ కొడుతోంది.

పందిరి గుంజ దగ్గర చేతులు తుడుచుకుంటున్న హుసేన్ భాయ్ ముందుకొచ్చాడు. "ఫికర్ జెయ్యకు అవ్వా. కాళ్లు మంచిగున్నయి, పీటనే ఇరిగింది. పిలగానికి లోపమంత మీదనే, తలకాయల! గా పుస్తకాల బరువు జర దించిన్రంటే సక్కగయితడు."

తెర అవతల కిలకిలమని నవ్వు. మా ఆవిడ గొంతు నేను మొదట విన్నది అదే.

కావున ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: ఒరిగిన బండి గాని, గోడ గాని, మనిషి గాని కంటపడితే కిందికి వంగి చూడను. చూసినా, మొద్దు పెట్టినవాడు వచ్చేదాకా మొద్దు ముట్టను. సాక్షి మా ఆవిడ. ఆమెకు నా మాట మీద ఎంత నమ్మకమంటే, ఇంకా ఒరిగే ఉన్న ఆ పీటను నాకు అందనంత ఎత్తున పెట్టింది.