అజా వేళకు కట్టేసిన కుక్క

పెద్దేముల్ నుంచి నన్ను తాండూరుకు కాపురానికి తీసుకొస్తున్న బండి వెంట మా పుట్టింటి కుక్క కూడా నడిచి వచ్చింది. ఎవరు అదిలించినా వెనక్కి తిరగలేదు. అత్తగారింట్లో అందరూ దాని విశ్వాసాన్ని తెగ మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు నెల తిరక్కుండానే అడుగంటింది.

దానికొక అలవాటు ఉండేది. చెప్పడానికి ఈ వయసులో కూడా నాకు నోరు రావడం లేదు, కానీ చెప్పకపోతే మిగతాదేదీ అర్థం కాదు. ఇంటికి ఎవరైనా రాగానే తోక ఊపుకుంటూ పోయి, ముందు కాళ్లతో వాళ్ల పిక్కను గట్టిగా వాటేసుకుని, ఆడకుక్క మీదికి ఎక్కినట్టు ఎక్కి ఊగేది. మనిషి దొరక్కపోతే దిండు, దిండు దొరక్కపోతే జొన్నల సంచి. పుట్టింట్లో పొలం దగ్గర తిరిగే కుక్క కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఇక్కడ మాది పటేళ్ల ఇల్లు. పొద్దస్తమానం అరుగు మీద పెద్దమనుషులు. కొత్త కోడలిని, కొంగు నెత్తి మీదికి లాక్కుంటూ మగవాళ్ల మధ్యకు పోయి, ఎవరిదో కాలు పట్టుకున్న కుక్కను మెడ పట్టి ఊడదీయాలి. అది చేసిన పనికి చూపులన్నీ నా మీదే. అప్పుడు మా అత్త "నీ కుక్క" అనేది. దొంగను చూసి మొరిగిన రోజు మాత్రం అది వాళ్ల కుక్క.

చీపురుతో కొట్టాను. నీళ్లు కుమ్మరించాను. నాకు కోపం ముక్కు మీదే ఉండేది, వీధి వినపడేలా అరిచేదాన్ని. నేను ఎంత అరిస్తే అది అంత హుషారయ్యేది. అరుగు మీద వాళ్లకు అదో తమాషా.

మా పక్కింట్లో ఒక ముసలి సాయిబుగారు ఉండేవాడు. తహసీలులో పేష్కారు ఉద్యోగం చేసి దిగిపోయిన మనిషి. రోజూ సాయంత్రం నమాజుకు ఉతికిన తెల్లబట్టలు వేసుకుని మా ఇంటి ముందు నుంచే మసీదుకు పోయేవాడు. ఒకప్పుడు మా మామ ఆయన్ను చూడగానే అరుగు దిగి సలాం చేసేవాడట. నేను వచ్చేసరికి నిజాం రాజ్యం పోయి ఏడాది కూడా కాలేదు. అప్పటికే మామ అరుగు దిగడం మానేశాడు.

ఒకరోజు కుక్క ఆయన కాలు పట్టుకుంది. పైజామా నిండా చొంగ, మట్టి. కుక్క చొంగ అంటిన బట్టతో వాళ్లు నమాజు చెయ్యరు. ఆయన గోడ ఆనుకుని నిలబడ్డాడు. నేను పరుగెత్తి ఊడదీసేలోపు అరుగు మీద ఒకరు నవ్వారు, ఇంకొకరు ఈల వేసి ఉసిగొల్పారు. ఆయన ఏమీ అనకుండా కడుక్కోవడానికి ఇంటికి మళ్లాడు. మామ ఏమనుకోవద్దని చెప్పాడు గానీ, చెబుతూ నవ్వు ఆపుకుంటున్నాడు. మళ్లీ ఒకటి రెండుసార్లు అట్లాగే అయింది. ఆ తర్వాత ఆయన మా వైపు కనబడటం మానేశాడు. ఒక పీడ తగ్గిందని నేను సంతోషించాను కూడా.

ఆయన భార్యను నేను ఖాలమ్మ అని పిలిచేదాన్ని. ఒకనాడు గోడ మీంచి ఆమె కరివేపాకు అందిస్తుంటే, సాబుకు ఒంట్లో బాగాలేదా అని అడిగాను. బాగానే ఉన్నాడట. వెనక సందులోంచి, రైలు పట్టాల పక్క నుంచి చుట్టు తిరిగి మసీదుకు పోతున్నాడట. అసలే మోకాళ్ల నొప్పుల మనిషి. మాకు చెప్పొచ్చు కదా, కుక్కను ఒక రాయి తీసుకుని కొట్టొచ్చు కదా అన్నాను, కాస్త కోపంగానే.

"పటేల్ కుక్కను ఎట్ల కొడ్తడు బిడ్డా?" అంది ఆమె, గొంతు తగ్గించి. "గీ ఏడు మేము ఎవరి దర్వాజ ముంగట నిలబడి ఏం చెప్పగల్గుతం?"

అప్పటిదాకా ఆయన ఊరుకున్నది పెద్దరికం అనుకున్నాను. మేమంటే భయమని నాకు తట్టనే లేదు. తల కొట్టేసినట్టయింది. అంతకు ముందు నేను పడ్డది నలుగురూ చూశారన్న సిగ్గు. ఇది ఎవరూ చూడకపోయినా పోయేది కాదు.

మా ఆయనకు చెప్పాను. ఆయన మామకు చెప్పాడు. మామ ముఖం నల్లబడింది. కోడెలను కొట్టేవాణ్ని పిలిపించి కుక్క పని కూడా పట్టిస్తానన్నాడు. రెండు కర్రల మధ్య వట్టలు నలగ్గొడుతుంటే కోడె వేసిన రంకె నేను చిన్నప్పుడు విన్నాను. వద్దన్నాను. వికారాబాదులో పశువుల డాక్టరు ఉన్నాడంటే, కుక్కను గార్డు డబ్బాలో ఎక్కించి మేమిద్దరం రైలులో పోయాం.

డాక్టరుకు ఎలా చెప్పాలో తెలియక నేల చూపులు చూస్తుంటే, కుక్కే ఆయన కాలు పట్టుకుని సంగతంతా చెప్పేసింది. ఆయన అదిలించలేదు. కాలు విడిపించుకుని, మాట్లాడకుండా అటు తిరిగి నిలబడ్డాడు. కాసేపటికి అదే విసుగెత్తి కూర్చుంది. ఇదంతా ఒట్టి కామం కాదన్నాడు. ఉత్సాహం పట్టలేక, కంగారు పడి కూడా చేస్తాయట. మేం అరుస్తూ వెంటపడటం దానికి ఆటైపోయిందట. వట్టలు కోయిస్తే జోరు తగ్గొచ్చు, ఆడకుక్కల కోసం ఊరి మీద పడి తిరగడం తగ్గొచ్చు, కానీ ముదిరిన అలవాటు దానంతట అది పోతుందని మాట ఇవ్వలేనన్నాడు. మనుషులు వచ్చే వేళకు కట్టేసి, కుదురుగా కూర్చుంటేనే తినడానికి పెట్టమన్నాడు. ఇంట్లో ఆలోచించుకుని రమ్మన్నాడు.

ఇంట్లో పెద్ద పంచాయితీ అయింది. అత్త పాపమంది. మగకుక్కను కోయించారని ఊరంతా నవ్వుతుందని మామ బెంగ. అలాంటి మాట మామ ముందు ఎత్తడం మా ఇళ్లల్లో లేదు. తలుపు చాటు నుంచే అన్నాను.

"మామా, నవ్వేటోళ్లు ఇప్పుడు గూడ నవ్వుతున్నరు. గా ముసలాయన మన ముంగటికెల్లి పోవాలె. నాకు గంతే కావాలె."

మామ సరే పొమ్మన్నాడు. మళ్లీ వికారాబాదు పోయాం, కుక్కకు మత్తిచ్చి కోశారు. పుండు మానేదాకా దాని కళ్లలోకి చూడలేకపోయాను. నవ్విన వాళ్లం, ఈల వేసిన వాళ్లం బాగానే ఉన్నాం, కత్తి మాత్రం దానికి పడింది.

మానాక, మసీదులో నమాజుకు పిలిచే అజా వినపడగానే గుంజకు కట్టేసి, కూర్చుంటే జొన్నరొట్టె ముక్క పెట్టేదాన్ని. అరవడం మానడానికే నాకు ఎక్కువ రోజులు పట్టింది. కొన్నాళ్లకు అజా మొదలవగానే అదే గుంజ దగ్గరికి పోయి కూర్చుని నా వైపు చూసేది. సంచుల మీద ఎక్కడం పూర్తిగా పోలేదు గానీ, మనుషుల జోలికి పోవడం మానేసింది.

అప్పుడు మామ స్వయంగా పక్కింటికి పోయి, ఇక మా ముందు నుంచే పొమ్మని చెప్పి వచ్చాడు. మర్నాడే ఆయన వచ్చాడు. కుక్క గుంజ దగ్గర కదలకుండా కూర్చుంది. ఆయన మా అరుగు ముందు ఆగి, నడుం వంచి మామకు సలాం చేశాడు. నాకూ చేశాడు. వయసులో మామకంటే చాలా పెద్ద. ఆ ఒక్కరోజే కాదు, రోజూ అంతే.

మోకాళ్లకు ఇప్పుడు సుఖంగా ఉందా అని ఖాలమ్మను అడిగాను. మెచ్చుకుంటుందని ఆశపడ్డాను, అబద్ధమెందుకు.

"వెనక సందుల ఆయనకు నిమ్మళం ఉండె బిడ్డా," అంది. "పటేల్ ఇంటికొచ్చి చెప్పిండు గద. రాకుంటే ఏమనుకుంటరో అని వస్తున్నడు."

మర్నాడు అజా వినపడగానే కుక్కకు రొట్టె ముక్క వేశాను. ఏదో పని ఉందని మామను పెరట్లోకి పిలిచి, నేనూ లోపలికి వచ్చి తలుపు వేశాను. సాయిబుగారు ఎవరికీ తల వంచకుండా పోవాలని. తలుపు సందులోంచి చూశాను. ఆయన రోజూ ఆగే చోటే ఆగాడు. ఖాళీ అరుగుకు సలాం చేసి పోయాడు.