కండక్టరమ్మ ముందుగా తిన్న పూట

ఈ ఆదివారం మా చర్చిలో, వరదప్పుడు పనిచేసిన సహాయకులందరికీ కృతజ్ఞతలు చెబుతున్నారు. వేదిక ఎక్కమంటే మా అత్త ససేమిరా అంటోంది. "నీ మేనకోడలినైనా రాయమను" అని పాస్టర్ అయ్యగారు ఆమెతోనే కబురు పంపారు. అందుకే రాస్తున్నాను.

అత్త నాన్నకు అక్క. సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరయింది. ఉద్యోగం ఆమెను వదిలింది గానీ ఆమె ఉద్యోగాన్ని వదల్లేదు. ప్రార్థన అయ్యాక గుమ్మం దగ్గర కబుర్లు పెట్టుకున్నవాళ్ళను చూస్తే, "దిగేవాళ్ళకి దారివ్వండమ్మా!" అని గద్దిస్తుంది. చర్చిలో అందరికీ ఆమె కండక్టరమ్మే.

పల్లపు వీధులు మునిగాక మా హాలే సహాయకేంద్రం అయింది. బెంచీలు గోడలకు చేర్చి చాపలు పరిచాం. అత్త వడ్డనకు నిలబడింది. నేను పళ్ళేలు కడగడానికి కూర్చున్నాను. తొమ్మిదో తరగతిలో బడి మానేసినప్పటి నుంచి నలుగురిలో నోరు విప్పాలంటే నాకు గుండె దడ. పళ్ళేలతో ఆ బాధ లేదు.

మొదటి రోజే గొడవయింది. వంటచేసినవాళ్ళలో ఒకామె ఉప్పు చూడడానికి రెండు ముద్దలు నోట్లో వేసుకుంది. ఆటో నీళ్ళపాలైన డ్రైవర్ ఒకడు అది చూశాడు.

"బాగుందిరా సేవ! వాళ్ళ కడుపు నిండాకే మన పళ్ళెంలో పడుతుంది" అన్నాడు. వెనకున్నవాళ్ళు అందుకున్నారు.

అత్త గరిటె ఎత్తింది. "ఇదిగో బాబూ, విను. ఆఖరి పళ్ళెం వెళ్ళేదాకా మాలో ఎవరం మెతుకు ముట్టం. సరేనా? ఇక జరుగు, ఫుట్‌బోర్డు మీద నిలబడకు!"

ఆ మాట ఆ రోజు నుంచి మాకు చట్టం. కానీ అత్తకు షుగర్. పొద్దున్నే ఇన్సులిన్ సూది వేసుకుంటుంది. వేసుకున్నాక వేళకు తినకపోతే ఒంట్లో చక్కెర పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. మందు సీసాను చర్చి ఆఫీసు ఫ్రిజ్‌లో నేనే దాచేదాన్ని. "ఎవరికైనా చెప్పావో, నన్ను కుర్చీలో కూర్చోబెట్టేస్తారు. నోరు కుట్టేస్తా" అని ముందే బెదిరించింది.

ఆ తర్వాత ఒక రోజు పొద్దున రొట్టెలు చాల్లేదు. అప్పటికే సూది వేసుకున్న అత్త, తన వంతు ఒక బాలింత చేతిలో పెట్టేసింది. మధ్యాహ్నం అన్నం సగం ఉడికేసరికి గ్యాస్ అయిపోయింది. పాస్టర్ అయ్యగారు మోకాళ్ళలోతు నీళ్ళలో తోపుడుబండి మీద సిలిండర్ తెచ్చేసరికి హాల్లో పిల్లల ఏడుపు, పెద్దల సణుగుడు. "ఒక బిస్కెట్ తిను అత్తా" అని నేను గొణిగాను. "ఇంతమంది ముందా? నీకు మతి ఉందా?" అంది.

వడ్డన మొదలైంది. నేను పళ్ళేలు అందిస్తూ ఆమెనే చూస్తున్నాను. వానగాలికి అందరం వణుకుతున్నాం. అత్త పెదవి మీద మాత్రం చెమట. గరిటె అంచు గిన్నెకు తగిలి టకటకలాడుతోంది. ఒక పళ్ళెంలో రెండుసార్లు వడ్డించి, తర్వాతి పళ్ళేన్ని ఖాళీగా పంపేసింది.

తర్వాత ఒక ముసలామె వచ్చింది.

"ఎక్కడ దిగాలి?" అంది అత్త.

లైనంతా గొల్లుమంది. ముసలామె తక్కువది కాదు. "పైకే తల్లీ! టికెట్ ఎంతవుతుందో చెప్పు" అంది. నవ్వు రెట్టింపయింది.

అత్త నవ్వలేదు. ఆమె చెయ్యి నడుము దగ్గర లేని సంచీ కోసం వెతుక్కుంటోంది. "చిల్లర లేకుండా ఎందుకెక్కావు? దిగిపో!" అని కసిరింది. ముసలామె మొహం చిన్నబోయింది. అత్త పెద్దవాళ్ళను అలా అనగా నేనెప్పుడూ వినలేదు.

వంటగదిలోకి పరుగెత్తి చక్కెర డబ్బా తెచ్చాను. గుప్పెడు తీసి నోటి దగ్గర పెడితే విదిలించి కొట్టింది. చక్కెర నేలపాలైంది.

"చూశారా!" ఆటో డ్రైవర్ కేకేశాడు. "మనకి అన్నానికి దిక్కులేదు, వాళ్ళకి తీపి!"

లైను విరిగిపోయింది. పళ్ళేల చప్పుడు. అందరూ ముందుకు తోసుకొస్తున్నారు. అత్త వెనకే పొగలు కక్కుతున్న అన్నం గిన్నె. ఆమె మోకాళ్ళు వంగుతున్నాయి.

"ఆవిడకి షుగర్!" అని అరిచాను. ఆ గొంతు నాదేనా అనిపించింది. "సూది వేసుకుంది! పొద్దుట్నుంచి ఏమీ తినలేదు! మీరంటారనే తినలేదు! చచ్చిపోతుంది!"

ఒక్కసారిగా అంతా ఆగిపోయారు. ఆటో డ్రైవర్ బల్ల దాటి వచ్చాడు. కొడతాడేమోనని అడ్డం పోబోయాను. అతను నన్ను పక్కకు నెట్టి, గిన్నె మీద పడబోతున్న అత్తను వెనకనుంచి పట్టుకుని కూర్చోబెట్టాడు. అత్త అతని చెంప ఛెళ్ళుమనిపించింది.

"టికెట్ తియ్యకుండా నన్నే పట్టుకుంటావా!"

"తీస్తా తల్లీ, తీస్తా. ముందు నోరు తెరువు" అని బతిమాలాడు. "మా అమ్మకీ షుగరే, ఆమె కూడా ఇంతే" అని నాతో గొణిగి, ఆమె గడ్డం పట్టుకున్నాడు. డబ్బాలో మిగిలిన చక్కెరను తడిపి కొంచెం కొంచెంగా చెంపలోపల పెట్టాను. సగం ఉమ్మేసింది. సగం లోపలికి పోయింది. పాస్టర్ అయ్యగారు పక్కనే మోకరించారు.

ఎంతసేపటికో అత్త కళ్ళు నా మీద నిలిచాయి. ముందు నన్ను గుర్తుపట్టింది, తర్వాత ఆగిపోయిన లైనును.

"ఎవరు ఆపారు? వడ్డించండి."

"ముందు నువ్వు తినాలి" అన్నాను. పళ్ళెంలో అన్నం, కూర పెట్టి ఒళ్ళో ఉంచాను.

"మాట ఇచ్చాను."

ముసలామె తన ఖాళీ పళ్ళేన్ని నేలమీద బోర్లించింది. "నీ మాట సంగతి తర్వాత. నువ్వు తింటేనే నాకు పెట్టు." ఒక్కొక్కరే పళ్ళేలు కిందికి దించారు. ఆకలితో ఏడుస్తున్న పిల్లను ఎత్తుకున్నామె కూడా చెయ్యి చాపలేదు.

అత్త ముద్ద కలిపింది. నోటిదాకా తీసుకెళ్ళి ఆగిపోయింది. తల వంచుకుంది.

"ఇంతమంది చూస్తుంటే ఎలా తినేది?" అంది చిన్నగా.

ముందు ఆటో డ్రైవర్ గోడవైపు తిరిగాడు. అతని వెనకవాడు తిరిగాడు. బల్ల దగ్గర నుంచి గుమ్మందాకా లైనంతా వీపులు చూపిస్తూ నిలబడింది.

"అయిందా అమ్మా?" అన్నాడు డ్రైవర్ కాసేపటికి, గోడతో మాట్లాడుతున్నట్టు.

"ఇంకా లేదు. తొందరైతే నడిచిపో" అంది అత్త, నోట్లో ముద్దతో.

ఎవరూ వెనక్కి తిరగలేదు. ఆమె నెమ్మదిగా తిన్నది.