దయ వల్లనట

నాంపల్లి స్టేషన్ రోడ్డులో మెట్ల కింద ఉన్న డీటీపీ షాపులో నేను ప్రూఫులు దిద్దడం మొదలుపెట్టి ఆరేళ్లయింది. బడి గడప తొక్కిన మనిషిని కాను. చిన్నప్పుడు ఉబ్బసం వల్ల ఇల్లు కదలనివ్వకపోతే, గన్‌ఫౌండ్రీలో బ్యాంకు గుమాస్తాగా పనిచేసే నాన్న సాయంత్రాలు కూర్చోబెట్టి తెలుగూ ఇంగ్లీషూ నేర్పారు. చేతిలో ఒక్క సర్టిఫికెట్టు లేదు. అది అడక్కుండానే షాపతను పనిచ్చాడు. అతన్ని తలుచుకోకుండా నేను ఏ రోజూ దీపం పెట్టలేదు.

పోయిన వేసవిలో అబిడ్స్ నుంచి టూర్ల ఆఫీసాయన ఒకరు పని తెచ్చారు. ఏటా మనవాళ్లను అమెరికా తీసుకెళ్లి బస్సులో తిప్పుకొస్తారాయన. అక్కడ రోడ్ల పక్కన, ఊళ్ల మొదట్లో, చరిత్ర చెప్పే రాళ్లూ లోహపు పలకలూ ఉంటాయట. బస్సు ఆగినచోటల్లా వాటిని ఫొటోలు తీసుకొచ్చారు. ఆ మాటలన్నీ తెలుగులో చిన్న పుస్తకంగా వేయించి టికెట్టు కొన్నవాళ్లకు పంచుతానన్నారు. అనువాదం నన్ను చెయ్యమని, లోపలి పేజీలో నా పేరు వేస్తానని షాపతను చెప్పాడు. యాభై ఎనిమిదేళ్లొచ్చినా, రేషన్ కార్డు మీద తప్ప నా పేరు అచ్చులో చూసుకున్నది లేదు. ఇంటికెళ్లగానే నాన్న ఫొటోకి చెప్పుకున్నాను.

మొదట్లో పని సరదాగానే సాగింది. ఊరి మొదటి పోస్టాఫీసు ఇక్కడుండేదని ఒక పలక. ఎవరో సేనాని గుర్రం ఇక్కడ నీళ్లు తాగిందని ఇంకోటి. గుర్రానికి గూడ రాయి పాతిన్రా అని షాపతను ఒకటే నవ్వు.

ఇరవై ఏడో ఫొటోలో మన దంపతులెవరో పలకకు చెరోపక్కన నిలబడి రెండేసి వేళ్లు చూపిస్తున్నారు. ఆమె చేతిలో చిప్సు పొట్లం. వాళ్లిద్దరి మధ్యా పలక మీది మాటలు ఇవీ: మగవాళ్లు వేటకు వెళ్లిన అదను చూసి, మా సైనికులు తెల్లవారుజామున ఇక్కడి ఆదివాసుల గూడెం మీద పడ్డారు. గుడిసెలనూ, చలికాలానికి దాచుకున్న గింజలనూ తగలబెట్టారు. దేవుడి దయ వల్ల మావాళ్లలో ఒక్కరికీ గాయం కాలేదు.

మగవాళ్లు వేటకు వెళ్లారు సరే. మరి గుడిసెల్లో ఉన్నదెవరు? ఆ సంగతి పలక చెప్పదు. చెప్పకుండానే దేవుడికి దండం పెట్టేసింది.

దేవుడి దయ. బస్సులో సీటు దొరికినా, ఎండాకాలం పాలు విరక్కపోయినా నా నోట్లో మెదిలే మాట అదే. దాన్ని ఆ మంటల పక్కన నా చేత్తో రాయబోయి కలం పక్కన పెట్టేశాను. కుళాయి దగ్గరికెళ్లి నోరు పుక్కిలించి వచ్చాను. తెచ్చుకున్న పెరుగన్నం డబ్బా మూత తియ్యలేదు.

ఉన్నది తియ్యకూడదు, లేనిది పెట్టకూడదు అని నాన్న నేర్పారు. తెలిసే ఆ గీత దాటాను. ‘దేవుడి దయ వల్లనట’ అని రాశాను. అనుకున్నది వాళ్లు, నేను కాదు అని చదివేవాళ్లకు తెలియాలనిపించింది.

మర్నాడు టూర్ల ఆఫీసాయన బిస్కెట్టు చాయ్‌లో ముంచుకుంటూ ప్రూఫులు తిరగేశారు. ఆ పేజీ దగ్గర ఆగారు.

“ఈ ‘ట’ ఏంటమ్మగారూ, వెటకారంలా ఉంది? జనం నాలుగు చోట్లు చూసి సంతోషపడదామని వస్తారు. అయినా దేవుడి పేరే కదా, మీలాంటి భక్తురాలికి నచ్చాలిగా.”

మీసం మీద బిస్కెట్టు పొడి అంటుకుని ఉంది. మొహం తిప్పుకున్నాను. షాపతను నన్ను జెరాక్సు మిషను వెనక్కి పిలిచి గొంతు తగ్గించాడు.

“అక్కా, రాయి మీద ఏముంటే గదే కొట్టాలె గదా. జర తీసెయ్యి. మొదటిసారి నీ పేరు వస్తున్నది, గీడ లొల్లి ఎందుకు?”

అతనన్నదాంట్లో తప్పు లేదు. నాన్న ఉన్నా అదే అనేవారు.

“తీసెయ్యి బాబూ. నా పేరు కూడా తీసెయ్యి.”

“ఏందక్కా, ఒక్క అక్షరానికి గంత కోపమా?”

కోపమైతే సాయంత్రానికి తగ్గేది. ఇది అసహ్యం. ఆ పలక పెట్టినవాళ్ల మీద, దాన్ని ఆనుకుని చిప్సు తిన్నవాళ్ల మీద. అంత పెద్ద మాటను ఇన్నేళ్లూ పాలకీ బస్సుకీ వాడుకున్నందుకు కొంత నా మీద కూడా. అతనికి ఎలా చెప్పాలో తెలియక, ఒంట్లో బాగాలేదని ఇంటికొచ్చేశాను.

నెల తిరక్కుండా పుస్తకం వచ్చింది. అనువాదం అన్నచోట టూర్ల ఆఫీసాయన తన పేరు వేయించుకున్నారు. ఇరవై ఏడో పలక కింద ఆ వాక్యం ఒక్క అచ్చుతప్పు లేకుండా ఉంది. షాపతను ఎంతో ఇష్టంగా నాకోసం ఒక కాపీ తీసిపెట్టాడు. అతని మనసు నొప్పించలేక తీసుకున్నాను.

మా ఇంట్లో పుస్తకాలన్నీ పూజగదిలో, దేవుడి పటాల కింది అరలో ఉంటాయి. దీన్ని అక్కడ పెట్టబుద్ధి కాలేదు. గుమ్మం పక్కన చెప్పుల స్టాండు మీద పడేశాను. కాలు తగిలితే కళ్లకద్దుకునే వస్తువును అలా పెట్టడం నాకు అదే మొదలు.