తొలి బిందె నీళ్లు

ఉదయగిరిలో మా అత్తగారింట్లో తెల్లారగానే కొళాయిలో పట్టే మొదటి బిందె దేవుడికీ తాగడానికీ. రాత్రంతా ఎవరి చెయ్యీ తగలని నీళ్లు కాబట్టి అవే శుభ్రమని ఆమె నమ్మకం. అంట్లకూ బట్టలకూ ఆ తర్వాతవే.

పాపకు డబ్బా పాలపొడితో పోతపాలు మొదలుపెట్టినాక ఆత్మకూరు ఆస్పత్రికి తీసుకెళ్తే, అక్కడి నర్సు మా పైపుల సంగతి అడిగింది. మామ హయాంలో వేసిన ఇనప పైపులు, పాత ఇత్తడి కొళాయి, అతుకులకు సీసం. మిద్దె మీది ట్యాంకు నీళ్లు రాత్రంతా వాటిలోనే నిలవుంటాయి.

"నిలవ నీళ్లలోకి సీసం దిగతాదమ్మా. కంటికి కనపడదు, నాలిక్కి తెలీదు, కాగబెట్టినా పోదు. పసిబిడ్డల బుర్రకి చేటు. పైపులు మార్చిందాకా పొద్దున్నే కాసేపు నీళ్లు వదిలేసి, ఆనక పట్టుకోండి," అంది.

ఇంటికొచ్చి చెబితే అత్త నవ్వింది. "నీళ్లు తేటగా ఉండాయి గదా, ఏందే నీ చాదస్తం?"

ప్లంబరు రేపొస్తానన్నాడు. ఆ రేపు ఇంకా రాలేదు. అందాకా అత్తకంటే ముందు లేవడమే నా ఉద్యోగమైంది. రాత్రి పాప పడుకోనివ్వదు, పొద్దున ఈ కొళాయి పడుకోనివ్వదు. తూలుకుంటూ వెళ్లి తొలి నీళ్లు బకెట్లో పట్టి పెరట్లో పెట్టి, తర్వాత మొక్కలకు పోసేదాన్ని.

"కాపరానికొచ్చినప్పుడు కొండ కింద బావి కాణ్ణించి మోసినాను. ఈ ఊళ్లో తాగే నీళ్లు పారబోసే కోడల్ని నిన్నే చూసినా," అని ఆమె సణుగుడు. మొదట్లో కోపమొచ్చేది. తర్వాత కోపానికి కూడా ఓపిక లేకపోయింది.

మొన్న జ్వరంతో మెలకువ రాలేదు. లేచేసరికి ఎండ గడప దాటింది. అత్త ఒళ్లో పాప పాలసీసా దాదాపు ఖాళీ చేసేసింది. సీసా లాక్కుని, "ఏ నీళ్లతో కలిపినావత్తా?" అని అరిచాను.

"అరవబాక. తొలి బిందె పక్కన పెట్టి, రెండోదాంతోనే కలిపినా."

"మరి ఆ తొలి బిందె ఏం చేసినావు?"

ఆమె నా వైపు చూడలేదు. "పారబోసేదానికి చేతులు రాలేదే. నా కుండలో పోసుకున్నా. నువ్వు పట్టే బకెట్లోంచి గూడా రోజూ ఒక చెంబు తీసుకుంటానే ఉండా. ముసిలిదాన్ని, నాకేమవతాది?"

ఆ కుండ పెరట్లోకి తీసుకెళ్లి మొక్కల దగ్గర వంచుతుంటే అత్త మొహం తిప్పుకుని కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నాకూ ఏడుపాగలేదు.