నోరా బ్యాగుల నా డబ్బాలు

నిన్న పొద్దున సికింద్రాబాద్ స్టేషన్ల అంతమంది ముంగట నా ఇజ్జత్ పోయింది. తీసింది ఎవరో కాదు, నేనే! చాయ్ చల్లారుతది, తాగుకుంట వినుండ్రి. నవ్వితే మాత్రం ఊకోను.

మా మీది పోర్షన్ల నోరా అని పిల్ల కిరాయికి ఉంటది, చూసిండ్రు కద? ఐర్లాండ్ పిల్ల, ఇరవై మూడేండ్లు. జూన్ల వచ్చింది, మన సైనిక్‌పురిలనే ఒక స్కూల్ల ఇంగ్లిష్ చెప్తది. శుక్రవారం దాక పాఠాలు, శనివారం తెల్లారంగనే బ్యాగ్ ఏస్కొని రైలెక్కుడు. వచ్చినంక బీదర్ ఫోటోలు, వరంగల్ ఫోటోలు చూపిస్తది. ఒక్క ఆదివారం ఇంట్ల ఉంటే ఒట్టు.

వచ్చిన కొత్తల పిల్లకు ఏం తెల్వదని నేనే కూసోబెట్టి అన్ని చెప్పిన. చెప్పులు బయట విడువాలె. ఉప్పు చేతికియ్యద్దు. ఎవరిదన్న డబ్బా ఖాళీగ వాపస్ ఇయ్యద్దు. పక్కోళ్లకు పెట్టకుంట తినద్దు. బయటికి పోయేటోళ్లను "ఎక్కడికి" అని అస్సలు అడగద్దు, పోయిన పని కాదు. టీచర్ కద, అన్ని నోట్‌బుక్‌ల రాసుకున్నది. మన తెలుగు సుత నా కాడనే నేర్చుకున్నది.

ఒక్కతే ఉంటది, ఏం తింటదో ఏమోనని నేను అప్పుడప్పుడు పులిహోరనో సర్వపిండో మీదికి పంపుత. పంపిన డబ్బా కిందికి రాదు! ఒకటి పాయె, రెండు పాయె, ఐదు పాయె. అన్ని నా పేరు కొట్టించిన స్టీల్ డబ్బాలు. ఆఖరికి దసరాకు సకినాలు చేస్తే, ఏసెతందుకు డబ్బా లేక, "ఇది మా అమ్మది, పైలం" అని చెప్పి మా అమ్మ డబ్బాల ఏసి పంపిన. బుద్ధి తక్కువై! అమ్మ పోయినంక ఆ ఇంట్లకెళ్లి నేను తెచ్చుకున్నది అదొక్కటే. మూత మీద వంకర అక్షరాలతోని "సత్తెమ్మ" అని ఉంటది. అది సుత రాలే. వారం రోజులు నాకు నిద్ర పట్టలే.

"నోరా, డబ్బా?" అంటే, "సూన్ ఆంటీ, సూన్!" అని మొఖం ఎర్రగ చేస్కొని తలుపు ఏస్తది. తప్పు చెయ్యనోళ్లకు మొఖం ఎందుకు ఎర్రగైతది?

"తెల్ల పిల్లనే, ఎండకు సుత ఎర్రగైతది," అన్నడు మా ఆయన. "ముప్పై ఏండ్లు ఫౌజుల చేసిన. బార్డర్ల సుత ఇంత అనుమానంతోని బతకలే నేను."

ఆయనతోని చెప్పి లాభం లేదని పక్కింటి గ్రేస్ టీచర్ తోని చెప్పిన. ఆమె నా దిక్కే చూసుకుంట, "నాదీ ఒకటి కనపడట్లేదండీ విజయ గారూ, క్రిస్మస్ నుంచీ," అన్నది. చూసిండ్రా! ఇద్దరియి పోయినయంటే ఇగ అది దొంగతనమే. క్రిస్మస్‌కు నోరా ఇండియాలనే లేదన్న సంగతి నాకు తడితే కద! పైంగ డాబా మీద నోరాది కొత్త ప్లాస్టిక్ బకెట్ కనిపించింది. పాత సామాన్ తీస్కొని బకెట్లు ఇచ్చేటోళ్లు మన గల్లీలకు వస్తరు. నా లెక్క కుదిరింది.

నిన్న పొద్దున పాల ప్యాకెట్ కోసం గేట్ కాడ నిలబడ్డ. నోరా మెట్లు దిగుతుంది. బ్యాగుల టంగ్, టంగ్! అది స్టీల్ సప్పుడు. నాకు తెల్వదా? "ఎక్కడికే?" అని అడుగుదామని నాలుక దాక వచ్చింది. కని నేను చెప్పిన రూలే అడ్డం పడ్డది. "బై ఆంటీ!" అని ఆటో ఎక్కి పోయింది.

నేను ఇంటి చెప్పులతోటే ఇంకో ఆటో ఎక్కిన. "అన్నా, ముంగటి ఆటోను వదలకు!"

"ఏమైందమ్మా, బిడ్డ లేచిపోతుందా?"

"బిడ్డ కాదు, డబ్బాలు!"

పాపం, ఆయన ఇగ ముంగటి ఆటో మీదనే కన్నేసి తోలిండు.

స్టేషన్ల బ్యాగులు స్కాన్ చేసే మిషిన్ కాడ పట్టుకున్న. "మేడమ్, ఆ బ్యాగ్ ఇప్పిచ్చుండ్రి! అండ్ల నా సామాన్ ఉంది!" అని ఒర్లిన. జనం గుమిగూడిండ్రు. పోలీసామె వచ్చి బ్యాగ్ తెరిచింది. ఐదు డబ్బాలు, తళతళ తోమినయి. "చదువుండ్రి, నా పేరే! బి. విజయలక్ష్మి!" అని ఒక్కొక్కటి ఎత్తి జనానికి చూపించిన.

పోలీసామె నోరా దిక్కు తిరిగి, "ఇవి పట్టుకొని ఎక్కడికి పోతున్నవ్?" అన్నది.

నోరా రెండు చేతులు అడ్డం పెట్టింది. "మేడమ్, అట్ల అడగద్దు! పని కాదు!"

ఇగ ఏడ్వలేక నవ్వలేక చెప్పుకొచ్చింది. డబ్బా ఖాళీగ వాపస్ ఇయ్యద్దు, ఆంటీ రూల్. వండుదామంటే పిల్లకు ఆమ్లెట్ సుత రాదు. అందుకని ఏ ఊరు పోతే ఆ ఊరి మిఠాయి డబ్బా నిండ నింపి తెస్తదంట. కని రైల్ల మూత తీస్తే పక్కోళ్లకు పెట్టాలె, అదీ ఆంటీ రూలే. డబ్బా మొత్తం బోగీ తిరిగి, సికింద్రాబాద్ వచ్చేసరికి మళ్ల ఖాళీ! ఇంతల నేను ఇంకో డబ్బా పంపుత. "నాకు సిగ్గు, ఆంటీ," అన్నది.

"మరి మా అమ్మ డబ్బా?" అన్న.

"అది రైల్ల తీస్కపోలే. అది మీ మదర్‌ది కద. సేఫ్‌గ ఇంట్ల ఉంది."

గంతల రైలు వెళ్లిపోయింది. పని కాలే, పిల్ల చెప్పినట్టే! పోలీసామె నన్ను ఒక చూపు చూసింది. సిగ్గుతోని సచ్చిన.

ఒకే ఆటోల వాపస్ వచ్చినం. నోరా మీదికి పొయ్యి అమ్మ డబ్బా తెచ్చి నా చేతుల పెట్టింది. బరువుంది. మూత తీస్తే బిస్కెట్లు! "మా అమ్మ చేసింది. పార్శిల్ నిన్ననే వచ్చింది," అన్నది. సత్తెమ్మ డబ్బాల వాళ్లమ్మ బిస్కెట్లు. నాకు ఏడ్పు ఆగలే, ఆ పిల్లను పట్టుకొని ఏడ్చిన. మా ఆయన మాత్రం సప్పుడు చెయ్యకుంట రెండు బిస్కెట్లు తీస్కున్నడు.

కథ ఈడికే అయిపోతే మంచిగుండు. ఆరు డబ్బాలు అల్మారల సర్దుదామని మీది అరల చెయ్యి పెట్టిన. లోపట మూలకు ఏదో తాకింది. బయటికి గుంజిన. స్టీల్ డబ్బా! మూత మీద పేరు: జి. గ్రేస్. క్రిస్మస్‌కు ఆమె కేక్ పంపిన డబ్బా. ఖాళీగ ఎట్ల ఇస్తమని ఎత్తిపెట్టి, అట్లనే మర్చిపోయిన!

నోరా పేరు చదివి నా మొఖం చూసింది. మా ఆయన బిస్కెట్ నములుకుంట, "ఆ పోలీసామె ఇంక డ్యూటీలనే ఉంటదా?" అన్నడు.

గ్రేస్ టీచర్‌కు ఇంక ఇయ్యలే. ఇయ్యాల పాయసం చేసి నింపి ఇస్త. అప్పటిదాక మీరు ఆమెకు చెప్పకుండ్రి. ఏందీ, అట్ల నవ్వుతుండ్రు? చాయ్ తాగిండ్రు కద, ఇంటికి పొయ్యి జెర మీ మీ అల్మారాలు సుత చూసుకోండ్రి. మన గల్లీల దొంగను నేనొక్కదాన్నే కాదని నాకు గట్టి అనుమానం!