వయోజన విద్య ఎందుకు తీసుకున్నానంటే

మొన్న పై అంతస్తు వాళ్ళ మనవరాలు ఫోను పట్టుకుని మా ఇంటికొచ్చింది. ఎమ్మేలో వయోజన విద్య తీసుకుందట, ఆ చదువును జనం ఎందుకు ఎంచుకుంటారో పాతవాళ్ళను అడిగి రమ్మన్నారట. ఈ న్యూ టౌన్‌లో ఆ సబ్జెక్టు చదివిన ముసలిదాన్ని నేనొక్కదాన్నే దొరికాను కాబోలు. సమాజసేవ అనీ, ఉద్యోగాలు ఉండేవనీ నాలుగు ముక్కలు చెప్పి, టీ ఇచ్చి పంపేశాను. అసలు జవాబు ఆ పిల్లకు చెప్పబుద్ధి కాలేదు.

నా ఈడువాళ్ళు మీరు గనక మీకు చెబుతాను. ఇదే నగరంలో ఓడరేవు పక్కనున్న వాట్‌గంజ్‌లో మా ఇంట్లో చదువు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. నాన్నా, అన్నలిద్దరూ రేవు డాకులో ఓడల బరువులు మోసి వచ్చి, ఇంత తిని నడుం వాల్చేవారు. అమ్మ శ్రీకాకుళం నుంచి మాటలు మూటగట్టుకుని వచ్చింది గాని అక్షరం తెచ్చుకోలేదు. ఊరినుంచి వచ్చేవాళ్ళెవరో తెచ్చే తెలుగు వారపత్రిక కోసం నేను కాచుకుని ఉండేదాన్ని. అందులో ఏదో చదివితే నవ్వొచ్చేది, తలెత్తి చూస్తే ఆ నవ్వు పంచుకునే మనిషి ఉండేది కాదు. చదివి వినిపిస్తే అమ్మ చేట ఆపకుండానే వినేది, నేను నవ్వాక నా మొహం చూసి తనూ నవ్వేది. ఇంటినిండా మనుషులుండగా అంత ఒంటరిగా ఉండడం ఏమిటో చెప్పుకుంటే ఎవరైనా నవ్విపోతారని చెప్పుకోలేదు.

యూనివర్సిటీలో మా తరగతివాళ్ళలో సగంమంది వేరే సబ్జెక్టులో సీటు రాక చేరినవాళ్ళు, కొందరు ఉద్యోగం కోసం, ఒకరిద్దరు దేశాన్ని ఉద్ధరించడానికి. నేను మా అమ్మ కోసం చేరాను. ఆవిడకు మేలు చేద్దామని కాదు, నాకు తోడు కావాలని.

చదువులో భాగంగా కొన్నాళ్ళు పెద్దవాళ్ళకు పాఠం చెప్పాలి. మా సందులో ఆడవాళ్ళనే కూర్చోబెట్టాను. ఇక్కడి బస్సు బోర్డులు చదువుకుంటారని బెంగాలీ మొదలుపెట్టబోతే అమ్మ అడ్డం తిరిగింది. "బస్సు ఎక్కడికెళ్తాదో కండక్టరు దాదా సెప్తాడు. నాకు మన అచ్చరాలే కావాల" అంది. సరేనని పలక తెస్తే మరో పేచీ. బియ్యంలో ఓనమాలు దిద్దకుండా చదువు మొదలెట్టడమేటంది. పళ్ళెంలో బియ్యం పోసి వేలు పట్టుకోబోయాను, చెయ్యి లాగేసుకుంది. "కూతురు తల్లి సెయ్యట్టి దిద్దిత్తాదేటి? పెద్దోళ్ళు పట్టాల."

సందులో అమ్మకంటే పెద్దది ఎదురింటి మామ్మ ఒక్కతే, ఆవిడకూ అక్షరం రాదు. చివరికి అమ్మ చేతిని మామ్మ పట్టుకుంటే, మామ్మ చేతిని నేను పట్టుకుని ఓనమాలు దిద్దించాను. మూడు చేతులూ మూడు వైపులకు లాగి, బియ్యం సగం నేలపాలైంది. పనిలో పనిగా తనకూ అక్షరాభ్యాసం అయిపోయిందని మామ్మ అందరికీ బెల్లం ముక్క పంచింది. నాకు ఎవరి చేతా ఏమీ రాయించగలనన్న ఆశ ఆ రోజు పూర్తిగా పోయింది.

అమ్మ మాత్రం వదల్లేదు. వత్తుల దగ్గర ఏడిపించింది, నన్ను తిట్టింది, పలక దాచేసింది, మళ్ళీ తనే తీసింది. చాలా నెలల తరవాత ఒక సాయంత్రం నేను క్లాసునుంచి వచ్చేసరికి గుమ్మంలో కూర్చుని, ఒళ్ళో ఆ వారం పత్రిక పెట్టుకుని, ఒక్కతే నవ్వుతోంది. ఏమిటే అమ్మా అని ఎంత బతిమాలినా వినదే! "నాను సెప్పను. నువ్వే సదూకో" అని పత్రిక నా మీదికి విసిరి లోపలికి పోయింది. నేను గబగబా చదివి నవ్వేదాకా వంటింటి గుమ్మంలోంచి తొంగి చూస్తూనే ఉంది. నా జీవితంలో అంత సంతోషపడిన సాయంత్రం మరొకటి లేదు.

అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఆ సందులో ఇప్పుడు తెలుగు చదివేవాళ్ళున్నారో లేదో తెలియదు. అయితే చదివేవాళ్ళకు లోకంలో కొదవేమీ రాలేదు. మెట్రో ఎక్కితే ప్రతివాళ్ళూ ఫోనులో ఏదో చదువుకుంటూ తమలో తాము నవ్వుకుంటూనే ఉంటారు, పక్కవాళ్ళు ఎందుకని అడగరు. నిన్న నేనూ ఏదో చదువుతుంటే నవ్వు ఆగక, అలవాటుగా పక్కకు తిరిగి ఫోను చూపించబోయాను. ఆవిడెవరో కాస్త అవతలికి జరిగి కూర్చుంది.