కూర్చోండమ్మ

ఆ అమ్మాయి ఎవరికి ఏ కబురు చెప్పాలన్నా ముందు వాళ్ళని కూర్చోబెట్టేది. కబురు చిన్నదా పెద్దదా అన్న తేడా లేదు. హాస్టల్ కుళాయిలో నీళ్ళు ఆగినా, క్లాసు రద్దయినా, క్యాంటీన్లో టీ అయిపోయినా ఒకటే వరస. ఎదుటి మనిషి కళ్ళల్లోకి సూటిగా చూసి, గొంతు తగ్గించి, "కూర్చోండి. మీకో కష్టమైన మాట చెప్పాలి" అనేది. ఆపైన మూడు సెకన్లు ఆగేది. ఆ మూడు సెకన్లలో వినేవాడికి ఇంటిల్లిపాదీ కళ్ళముందు మెదిలేవారు. అప్పుడు తాపీగా, "టీ అయిపోయింది" అనేది.

కాలేజీ అంతా కలిసి ఆమెకి 'కూర్చోండమ్మ' అని పేరు పెట్టింది. కన్నవాళ్ళు పెట్టిన పేరు హాజరు పట్టీలో మాత్రం మిగిలింది.

దీని వెనక పెద్ద ప్రణాళికే ఉంది. మెడికల్ కాలేజీలో చేరిన మొదటి వారంలోనే తను ఎమర్జెన్సీ డాక్టరు కావాలని ఆమె తేల్చేసుకుంది. ఆ విభాగంలో పైచదువు సీటుకి, అంటే రెసిడెన్సీకి, పోటీపడే రోజు రావడానికి ఇంకా ఐదారేళ్ళుంది. తోటివాళ్ళు అప్పటికి శవాల గది వాసనకి అన్నం సహించక ఏడుస్తున్నారు. ఈమె మాత్రం ఒక సీనియర్‌ని పట్టుకుని, ఏమేం చేయాలో జాబితా రాయించుకుంది. ఎమర్జెన్సీ వార్డులో డ్యూటీలు చూడాలి. ఆ విద్య మీద ఆసక్తి ఉన్నవాళ్ళ సంఘంలో పనిచేయాలి. పెద్దవాళ్ళ దగ్గర సిఫారసు ఉత్తరాలు సంపాదించాలి. అలాంటి సంఘం కాలేజీలో లేకపోతే తనే పెట్టింది. అధ్యక్షురాలు తనే, కార్యదర్శి తనే, సభ్యులూ తనే. తగినంతమంది హాజరు కాలేదని మొదటి సమావేశాన్ని వాయిదా వేసిందీ తనే.

సిఫారసు ఉత్తరం కోసం అనాటమీ ప్రొఫెసరు దగ్గరికి పదో రోజునే వెళ్ళింది.

"నువ్వెవరో నాకు తెలీదే!" అన్నాడాయన.

"అందుకే వచ్చాను సార్. ఇప్పుడు మొదలుపెడితే అప్పటికి తెలుస్తుంది కదా."

జాబితాలో ఆఖరిది చావు కబురు చెప్పడం. మిగతావన్నీ పుస్తకాల్లో దొరుకుతాయి, ఇది మాత్రం సాధన చేస్తే తప్ప రాదని సీనియర్ అన్నాడట. సాధనకి చావులు ఎక్కణ్ణించి తెస్తుంది? టీతో సరిపెట్టుకుంది.

ఎమర్జెన్సీ వార్డు పెద్ద సిస్టరుకి ఈ చరిత్ర ఏదీ తెలియదు. ఆవిడ ఇరవై ఆరేళ్ళుగా ఆ ఎనిమిది మంచాల గదిని ఏలుతోంది. తోసుకొచ్చేవాళ్ళ చెప్పుల చప్పుడు బట్టి స్ట్రెచర్ మీద వచ్చే మనిషి ఎంత బరువో, ఎంత ప్రమాదంలో ఉన్నాడో చెప్పగలదు. విద్యార్థులంటే ఆవిడకి ఒళ్ళుమంట. రక్తం చూసి పడిపోయేవాళ్ళు కొందరు, పడిపోకుండా దారికి అడ్డం నిలబడేవాళ్ళు మిగతావాళ్ళు. కానీ పెద్ద డాక్టరు ఈ అమ్మాయికి మూడు వారాలు వార్డు చూసే అనుమతి ఇచ్చి, ఆపైన ఉంచాలో పంపాలో సిస్టరే చెప్పాలన్నాడు. పంపితే ఇక మూడో ఏడాది దాకా వార్డు గడప తొక్కనివ్వరు. ఉత్తరం సంగతి సరేసరి.

"చూడమ్మా," అంది సిస్టరు మొదటి రోజున, "ఈ వార్డులో నీకు కళ్ళుంటాయి. చేతులుండవు."

"నోరుంటుందా సిస్టర్?"

"అది అసలే ఉండదు."

నోరు రెండో రోజునే వచ్చేసింది. కాలు బెణికి ఒక కుర్రాడు వచ్చాడు. వాడి అన్న బయట హాల్లో ఉన్నాడు. కూర్చోండమ్మ వెళ్ళి, "కూర్చోండి. మీ తమ్ముడి గురించి ఒక మాట చెప్పాలి" అంది. మూడు సెకన్లు ఆగింది. రెండో సెకనులోనే అతను మొదలు నరికిన చెట్టులా పడి, కుర్చీ అంచు తగిలి కనుబొమ చీల్చుకున్నాడు. తమ్ముడు కుంటుకుంటూ ఇంటికి వెళ్ళిపోయాడు. అన్నకి నాలుగు కుట్లు పడ్డాయి.

"ఏం చెబుదామని వెళ్ళావు?" అంది సిస్టరు పళ్ళు కొరుకుతూ.

"ఎముక విరగలేదని సిస్టర్."

మూడో వారం మధ్యలో ఒక మధ్యాహ్నం సిస్టరు హాల్లోకి వచ్చి నిర్ఘాంతపోయింది. నలభై నీలం కుర్చీలూ ఖాళీ. అరవై మంది గోడల వెంట నిలబడి ఉన్నారు. ఆ తెల్లకోటు పిల్ల కూర్చోమంటే మనవాళ్ళు పోయినట్టేనని హాల్లో పాకిపోయింది. పాతవాళ్ళు కొత్తవాళ్ళకి నేర్పుతున్నారు. మోకాళ్ళు వాచిన ఒక ముసలావిడ స్తంభాన్ని కావలించుకుని వేలాడుతోంది.

"కూర్చో అవ్వా, పడిపోతావు," అంది సిస్టరు జాలిపడి.

"నువ్వే కూర్చో తల్లీ! మా ఆయన లోపల బాగానే ఉన్నాడు."

ఆ సాయంత్రం సిస్టరు అమ్మాయిని మందుల గదిలోకి పిలిచింది. "శుక్రవారం నీకు ఆఖరి రోజు. నిన్ను ఉంచొద్దని పెద్ద డాక్టరుకి చెప్పబోతున్నాను."

అమ్మాయి "మంచిది సిస్టర్. నిలబడి వింటే ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది" అంది. వెటకారమేమోనని సిస్టరు ముఖంలోకి తేరిపార చూసింది. కాదు. ఆ పిల్ల నిజంగానే పాఠం నేర్చుకుంటోంది.

శుక్రవారం మధ్యాహ్నం ఒక రంగుల మేస్త్రీని తెచ్చారు. నాలుగో అంతస్తు గోడకి రంగు వేస్తూ కట్టిన చెక్క జారి పడిపోయాడు. చేతులనిండా ఇంకా ఆరని పసుపు రంగు. వార్డులో చేరగానే గుండె ఆగింది. ఒకరు ఛాతీ మీద నొక్కుతున్నారు. ఒకరు గొంతులో గొట్టం దించారు. ఒకరు సూది పెట్టడానికి రంగు కింద నరం వెతుకుతున్నారు. ఒకరు గడియారం చూసి నిమిషాలు లెక్క చెబుతున్నారు. అంత హడావిడిలో మంచం చివర కూర్చోండమ్మ నిలబడి ఉండటం సిస్టరు కంటపడింది.

"కాళ్ళ దగ్గర నీకేం పని? జరుగు!"

"అడ్డం రాను సిస్టర్."

కసిరే తీరిక కూడా లేదు. ముప్పై నాలుగు నిమిషాలు గడిచాయి. డ్యూటీ డాక్టరు చేతులు తీసేసి టైము చెప్పాడు. మామూలుగా ఆయన సగం తెరిచిన తలుపులోంచి తల బయటపెట్టి, "ప్రయత్నించామండీ" అని లోపలికి లాక్కునేవాడు. ఈలోగా ఇంకో అంబులెన్సు వచ్చింది. ఆయన సిస్టరు వైపు చూశాడు. సిస్టరు చేతులు కడుక్కుని బయటికి నడిచింది.

మేస్త్రీ భార్య గోడకి ఆనుకుని నిలబడి ఉంది. భర్త చొక్కా జేబులోంచి పడిన దువ్వెన ఎవరో ఇస్తే చేతిలో పట్టుకుంది. సిస్టరు చెప్పాల్సింది చెప్పింది. ఇలాంటివి చెప్పీ చెప్పీ ఆవిడ మాటలు అరిగిపోయి నున్నగా అయ్యాయి. ఎక్కడా గుచ్చుకోవు, ఎక్కడా ఆనవు.

భార్య ఏడవలేదు. "పోయేటప్పుడు పక్కన ఎవరైనా ఉన్నారా అమ్మా?" అని అడిగింది.

సిస్టరు లెక్క చూసుకుంది. మంచం చుట్టూ తను కాక నలుగురున్నారు. ఒకరు ఛాతీకి, ఒకరు గొంతుకి, ఒకరు నరానికి, ఒకరు గడియారానికి. ఆయన పక్కన ఎవరున్నారన్నది ఆవిడ ఎన్నడూ ఆలోచించలేదు.

"నేనున్నానండీ," అంది వెనకనించి కూర్చోండమ్మ. "ఆయన కాలు పట్టుకుని ఉన్నాను. తీసుకొచ్చినప్పటినుంచీ ఆఖరిదాకా."

భార్య ఆమె వైపు తిరిగింది. "ఏ కాలు?"

"ఎడమది."

"ఆ కాలికి మా ఆయనకి చక్కిలిగింతలు. పన్నెండేళ్ళయింది పెళ్ళై, ఒక్కసారీ ముట్టుకోనివ్వలేదు." ఆవిడ చేతిలో దువ్వెన వంక చూసింది. "నిన్ను తన్నలేదూ?"

"లేదండీ."

"అయితే నిజంగానే పోయాడు," అంది. ఏడుపు అప్పుడొచ్చింది ఆవిడకి. ఆ ఏడుపులో ఎక్కడో ఒక నవ్వు కూడా కలిసి ఉంది. ఆ రెండూ తీరేదాకా కూర్చోండమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని వదల్లేదు.

గంట తర్వాత సిస్టరు ఆమెని వరండాలో పట్టుకుంది. "కాలు పట్టుకోమని ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు సిస్టర్. బాగా కూర్చోబెట్టి, మెల్లగా చెబితే చాలనుకున్నాను. చెప్పాక వాళ్ళేదో అడుగుతారని తెలీలేదు. నేను వచ్చాక ఇక్కడ తొమ్మిది మంది పోయారు. అందులో ఐదుగురి తాలూకు వాళ్ళు ఇదే అడిగారు, పక్కన ఎవరున్నారని. లేరని చెబితే పాపం, ఉన్నారంటే అబద్ధం. తలవైపు మీరంతా ఉంటారు. కాళ్ళ దగ్గర ఖాళీ కనిపించింది."

"పోతారని నీకు ముందే ఎలా తెలుస్తుంది?"

"తెలీదు కదా! అందుకే అందరివీ పట్టుకుంటున్నాను." ఆమె మోచెయ్యి చూపించింది. ఇంత నల్లగా కమిలి ఉంది. "నిన్న కడుపునొప్పాయన తన్నాడు. ఆయనకి బాగానే ఉంది."

సిస్టరు కమిలిన చోటికి మందు రాసి, పెద్ద డాక్టరు గదికి వెళ్ళింది. ఆయన కాగితాల్లోంచి తల ఎత్తకుండానే అడిగాడు.

"ఆ మొదటి ఏడాది పిల్ల సంగతేం చేశారు సిస్టర్? పంపేద్దామా?"

"ఉండనివ్వండి."

"అదేంటి, నిన్నేగా తిట్టారు! దేనికైనా పనికొస్తుందా?"

"ఏమీ రాదు. నోరు విప్పితే జనం పడిపోతున్నారు. కానీ కాళ్ళ దగ్గర మనకి మనిషి లేదు డాక్టర్ గారూ."

పెద్ద డాక్టరు కళ్ళజోడు తీశాడు. "కాళ్ళ దగ్గరా? అలాంటి పోస్టు ఎక్కడుంది మన దగ్గర?"

"ఉంది," అంది సిస్టరు. "నేను చేరినప్పటినుంచీ ఖాళీగా పడి ఉంది."